ఎనిమిది బస్తాల ఆదా కోసం గల్లీ రాళ్లు కదలొద్దు: ఫ్లై యాష్ మాలు అసలు లెక్క

చార్మినార్ చుట్టూ పరిచిన గ్రానైట్ కాబుల్ రాళ్ల మీద రోజూ వేల మంది నడుస్తారు. బురఖాలో బిడ్డను ఎత్తుకుని లాడ్ బజార్‌కు వెళ్లే తల్లులు, జుమా నమాజ్‌కు మక్కా మస్జిద్‌కు వెళ్లే బుజుర్గులు, బండి తోసుకుంటూ పొట్ట పోసుకునే చిరు వ్యాపారులు.. అందరి కాళ్ల కిందా అవే రాళ్లు. అక్కడే కాదు, ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా మస్జిద్ సహన్‌లో, దర్గా దారిలో, షాదీఖానా ముందు సిమెంటు రోడ్డు బదులు రాతి దిమ్మెలు పరిచే పద్ధతి పెరిగింది. చూడ్డానికి బాగుంటుంది, ఎండకు సిమెంటులా పగలదు, మన దగ్గర గ్రానైట్‌కు కొదవ లేదు.

అయితే రెండు వానాకాలాలు గడిచేసరికి చాలా చోట్ల ఒకటే ఫిర్యాదు. రాళ్లు కదులుతున్నాయి, సందుల్లో మాలు పొడిగా రాలిపోతోంది, కాలు పెడితే రాయి కింద నుంచి బురద నీళ్లు చిమ్ముతున్నాయి. చేతికర్రతో నడిచే పెద్దాయనకు ఒక్క రాయి కదిలినా చాలు, తుంటి ఎముక విరిగి మంచాన పడటానికి. ఇలాంటప్పుడు ఈ మధ్య అందరూ ఒక మాట అంటున్నారు: ‘మాలులో బూడిద కలిపారు, అందుకే ఇలా అయింది.’ కాంట్రాక్టర్లు మాత్రం ‘ఫ్లై యాష్ కలిపితేనే గట్టిదనం, ప్రభుత్వమే కలపమంటోంది’ అంటున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అసలు విషయం ఏ బూడిద, ఎంత, ఎలా అన్న మూడు ప్రశ్నల దగ్గర ఉంది.

బూడిద మాలులో ఏం చేస్తుంది?

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గును మెత్తని పొడి చేసి కాలుస్తారు. పొగతో పాటు పైకి లేచే సన్నని బూడిదను గొట్టంలోకి పోకుండా విద్యుత్ యంత్రాలతో పట్టి ఆపుతారు. అదే ఫ్లై యాష్. ఇందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. దానంతట అది నీళ్లతో కలిపితే గట్టిపడదు. కానీ సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు సున్నం కొంత మిగులుతుంది. ఆ మిగులు సున్నాన్ని బూడిద మెల్లగా పట్టుకుని, సిమెంటు లాంటి జిగురు పదార్థంగా మారుతుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి మేస్త్రీలు సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపి డంగు చేసి వాడారు. కాల్చిన మట్టి పొడి సున్నంతో చేసే పని, కాలిన బొగ్గు బూడిద సిమెంటుతో చేసే పని ఒక్క తీరువే. 1591లో కట్టిన చార్మినార్ సున్నపు మాలు మీదే నేటికీ నిలిచి ఉంది.

ఫ్లై యాష్ రేణువులు గుండ్రంగా ఉంటాయి. అందుకే మాలు తాపీ కింద సులువుగా జారుతుంది, తక్కువ నీళ్లతోనే కలుస్తుంది. కాబుల్ రాళ్ల మధ్య సందు అరంగుళం కూడా ఉండదు. అంత సన్నని సందులోకి మాలు అడుగు దాకా దిగాలంటే ఈ జారుడు గుణం చాలా పనికొస్తుంది. తర్వాత నెలలు గడిచే కొద్దీ మాలు ఇంకా చిక్కబడి, నీళ్లు లోపలికి దిగడం తగ్గుతుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కాలం. బూడిద కలిపిన మాలు మొదటి వారంలో సాదా సిమెంటు మాలు కంటే మెత్తగానే ఉంటుంది. దాని బలం 28 రోజుల తర్వాత, ఇంకా చెప్పాలంటే 56, 90 రోజులకు బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి మర్చిపోవడం వల్లే సగం గొడవలు.

బూడిద ఉంది, కానీ అందుతుందా?

దేశంలో బూడిదకు కరువు లేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 2021-22లో థర్మల్ కేంద్రాల నుంచి 27 కోట్ల టన్నులకు పైగా బూడిద వచ్చింది. అందులో దాదాపు 96 శాతం ఏదో ఒక పనికి వాడారు. కేంద్ర పర్యావరణ శాఖ మొదట 1999 సెప్టెంబర్‌లో బూడిద వాడకంపై నోటిఫికేషన్ ఇచ్చింది. పలు సవరణల తర్వాత 2021 డిసెంబర్ 31న కొత్త నోటిఫికేషన్ తెచ్చింది. దాని ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిద మొత్తాన్ని వినియోగంలోకి తేవాలి. వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాల్లో, ధర మిగతా వాటి కంటే ఎక్కువ కాకపోతే, బూడిద ఉత్పత్తులు వాడటం తప్పనిసరి. ‘ప్రభుత్వమే కలపమంటోంది’ అన్న మాటకు మూలం ఇదే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ 300 కిలోమీటర్ల గీత బయట ఉండే ఊరు దొరకడం కష్టం. తెలంగాణలో రామగుండం, పాల్వంచ, భూపాలపల్లి, మణుగూరు, మంచిర్యాల జిల్లా జైపూర్, నల్గొండ జిల్లాలో కొత్తగా వచ్చిన యాదాద్రి కేంద్రం ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం, కడప జిల్లా ముద్దనూరు, నెల్లూరు జిల్లా కృష్ణపట్నం, విశాఖ వైపు సింహాద్రి ఉన్నాయి.

అయితే ఇన్ని కేంద్రాలున్నా మామూలు మస్జిద్ కమిటీ చేతికి మంచి బూడిద రావడం తేలిక కాదు. పొడి బూడిదలో ఎక్కువ భాగం సిమెంటు కంపెనీలకు, రెడీమిక్స్ ప్లాంట్లకు, ఇటుక బట్టీలకు బల్కర్ లారీల్లో పోతుంది. ఇది ఎంత పెద్ద వ్యాపారమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024 నవంబర్‌లో రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద రవాణా ఎవరు చేయాలన్న దానిపై అధికార కూటమి నేతల మధ్యే తగాదా వచ్చి, పంచాయితీ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఒకప్పుడు పారబోయడానికి చోటు వెతికిన బూడిద, ఇప్పుడు నేతలు పట్టు విడవని సరుకైంది.

రెండు బూడిదలు, రెండు గుణాలు

మంచి బూడిద దొరకని చోట చెడ్డ బూడిద వచ్చి చేరుతుంది. ఇక్కడే జనం మోసపోయేది. థర్మల్ కేంద్రంలో పొడిగా పట్టిన సన్నని బూడిద వేరు. కొలిమి అడుగున పడిన గరుకు బూడిదను కూడా కలిపి, నీళ్లతో చెరువులోకి వదిలిన బూడిద వేరు. ఈ చెరువు బూడిద నేల ఎత్తు పెంచడానికి, రోడ్డు కట్టలు పోయడానికి పనికొస్తుంది. కాబుల్ రాళ్ల మాలులో సిమెంటు బదులు వాడటానికి పనికిరాదు. రెండూ బూడిద రంగే, రెండింటినీ ‘ఫ్లై యాష్’ అనే అమ్ముతారు. చెరువు బూడిద లారీ అద్దెకే వస్తుంది కాబట్టి ఆశ పుట్టడం సహజం.

మాలులో, కాంక్రీటులో వాడే ఫ్లై యాష్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 మొదటి భాగం. దాని ప్రకారం 45 మైక్రాన్ల జల్లెడ మీద 34 శాతానికి మించి మిగలకూడదు. కాల్చినప్పుడు తగ్గే బరువు, అంటే కాలని బొగ్గు లెక్క, 5 శాతం దాటకూడదు. అమ్మేవాడు టెస్ట్ రిపోర్ట్ చూపించాలి. చూపించకపోతే ఏదైనా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు.

ల్యాబ్‌కు పోయే ముందే చేతితో కొంత తెలుస్తుంది. మంచి ఫ్లై యాష్ లేత బూడిద రంగులో, వేళ్ల మధ్య మైదాపిండిలా ఉంటుంది. ఇసుకలా గరగర తగిలితే, ముట్టుకుంటే తడిగా ఉంటే, ముద్దలు కట్టి ఉంటే అది మాలుకు పనికొచ్చేది కాదని అనుమానించాలి. గ్లాసు నీళ్లలో కలిపి వదిలితే నల్లని తెట్టు పైకి తేలితే కాలని బొగ్గు ఎక్కువ ఉన్నట్టే. ఇవి తిరస్కరించడానికి చాలు. ఒప్పుకోవడానికి మాత్రం రిపోర్టే కావాలి.

వంద చదరపు మీటర్ల లెక్క

ఇప్పుడు డబ్బు సంగతి. ఒక మధ్యస్థ మస్జిద్ సహన్ 100 చదరపు మీటర్లు అనుకుందాం. నాలుగంగుళాల గ్రానైట్ దిమ్మెలు, ఒక్కో సందు 10 మిల్లీమీటర్లు. అడుగున 40 మిల్లీమీటర్ల మందం మాలు ఒక పాలు సిమెంటుకు అయిదు పాళ్ల ఇసుకతో, సందుల్లో ఒకటికి మూడు పాళ్లతో. ఈ లెక్కన అడుగు మాలుకు సుమారు 1,280 కిలోలు, సందులకు సుమారు 670 కిలోల సిమెంటు పడుతుంది. మొత్తం 39 బస్తాలు.

ఇందులో 20 శాతం సిమెంటు తగ్గించి ఫ్లై యాష్ వేస్తే ఆదా అయ్యేది దాదాపు 8 బస్తాలు. బస్తా 350 రూపాయలు అనుకున్నా 2,800 రూపాయలు. దానికి కావాల్సిన బూడిద 400 కిలోల లోపు. కానీ ఒక బల్కర్‌లో వచ్చేది 25 నుంచి 30 టన్నులు! అంటే సంచుల్లో నింపిన సరుకు కొనాలి, దానికి రవాణా పెట్టాలి, కూలీలకు కొలిచి కలపడం నేర్పాలి. చివరికి చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. రాళ్ల ఖరీదు, పరిచే కూలీ ముందు ఈ ఆదా లెక్కలోకే రాదు.

అదే పురపాలక సంఘం 10,000 చదరపు మీటర్ల బజారు వీధి పరిస్తే కథ వేరు. అప్పుడు దాదాపు 195 టన్నుల సిమెంటులో 39 టన్నులు తగ్గుతుంది. టన్ను సాదా సిమెంటు తయారీకి సుమారు 0.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది కాబట్టి ఆ మేరకు వాతావరణానికీ మేలు. బల్కర్ తెప్పించడం, ల్యాబ్ పరీక్ష, యంత్రంతో కలపడం అన్నీ అక్కడ గిట్టుబాటవుతాయి. విడిగా ఫ్లై యాష్ కొనడం పెద్ద పనికి న్యాయం, చిన్న పనికి తలనొప్పి.

బస్తాలోనే బూడిద ఉంది, మళ్లీ కలపొద్దు

చిన్న పనికి ఇంతకంటే తేలిక దారి ఒకటుంది. చాలా మంది గమనించరు. షాపులో దొరికే పీపీసీ సిమెంటు బస్తాలో ఇప్పటికే ఫ్లై యాష్ ఉంటుంది. ప్రమాణం ప్రకారం 15 నుంచి 35 శాతం దాకా ఫ్యాక్టరీలోనే సమంగా కలిపి ఇస్తారు. బస్తా మీద ‘ఫ్లై యాష్ బేస్డ్’ అని అచ్చు వేసి ఉంటుంది. ఇంటి ముందు వాకిలికో, మస్జిద్ సహన్‌కో కాబుల్ రాళ్లు పరిచేవారు పీపీసీ కొంటే చాలు, బూడిద లాభం దానంతట అదే వస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. 30 శాతం బూడిద ఉన్న పీపీసీ తెచ్చి, అందులో అయిదో వంతు తగ్గించి మళ్లీ బూడిద వేస్తే మొత్తం బూడిద 44 శాతానికి చేరుతుంది. కాగితం మీద ‘20 శాతమే కలిపాం’ అని ఉంటుంది. నేల మీద మాత్రం సగానికి దగ్గర. అలాంటి మాలు మొదటి నెలలో గోరుతో గీరినా రాలుతుంది. విడిగా ఫ్లై యాష్ కలపాలంటే సిమెంటు తప్పక ఓపీసీ అయి ఉండాలి. పని ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం రాయించుకుంటే చాలా తగాదాలు తప్పుతాయి.

ఇసుక సంగతీ చూడాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేది రోబో సాండ్. కడగని రోబో సాండ్‌లో రాతి పొడి ఎక్కువ. దానికి నీళ్లు ఎక్కువ పట్టి, బూడిద వల్ల తగ్గిన నీళ్ల లాభం పోతుంది. కలిపిన మాలు రెండు గంటల్లో వాడేయాలి. బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు చల్లి తిప్పడం చాలా చోట్ల కనిపిస్తుంది. బూడిద ఉన్నా లేకున్నా అది రాళ్లను వదిలేసే మాలే.

నీళ్లు, రోజులు, రంజాన్

కాంక్రీటుకు ఐఎస్ 456 చెప్పే నియమం మాలుకూ మంచి కొలబద్ద. సాదా సిమెంటుకు కనీసం 7 రోజులు తడి ఉంచాలి, బూడిద ఉన్న సిమెంటుకు 10 రోజులు, పొడి ఎండల్లో 14 రోజులు. తడి గోనెపట్టాలు కప్పి ఉంచితే నీళ్లు కూడా తక్కువ పడతాయి. ఆటోలు, బైకులు, సరుకు బండ్లు 28 రోజుల దాకా ఎక్కకపోతే మంచిది.

మన బజార్లలో ఇది సాధ్యమా? ఇదే గడ్డు ప్రశ్న. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నెల మూసుకోవడం అంటే ఆ కుటుంబం నెల పస్తు ఉండమన్నట్టే. తోపుడు బండి వాడి సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మూడో రోజుకే తాళ్లు తీసేస్తారు, నాలుగో రోజు బైకులు ఎక్కుతాయి, మాలు లోపలే చిట్లుతుంది. తప్పు బూడిద మీద పడుతుంది.

దీనికి పరిష్కారం క్యాలెండర్‌లో ఉంది. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ ఏళ్లలో అది ఫిబ్రవరి ప్రాంతంలో వస్తోంది. పండగ గిరాకీ కోసం జనవరిలో హడావుడిగా రాళ్లు పరిస్తే రెండు దెబ్బలు: చలికి బూడిద మాలు ఇంకా మెల్లగా గట్టిపడుతుంది, దాని మీదే పండగ రద్దీ పడుతుంది. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లో పని పెట్టి, వీధిని సగం సగంగా విడగొట్టి, ఒక సగం ఆరేదాకా రెండో సగంలో వ్యాపారం నడిచేలా చేస్తే దుకాణదారుడికి, మాలుకు ఇద్దరికీ గడువు దొరుకుతుంది. టెండర్ తేదీలు వేసేటప్పుడు వ్యాపార సంఘాలను, మస్జిద్ కమిటీలను కూర్చోబెట్టి అడిగితే అయ్యే పని ఇది.

రాళ్ల కింద అడుగు గట్టిగా లేకపోతే ఎంత మంచి మాలైనా వృథా అన్నది మేస్త్రీలకు తెలిసిన సత్యమే. ఇసుక పరుపు మీద పరిచిన రాళ్ల సందుల్లో మాత్రం సిమెంటు మాలు నింపడం తరచూ జరిగే పొరపాటు. కింద కదులుతుంటే పైన బిగించింది పగలక మానదు. ఇసుక మీద వేస్తే సందులూ ఇసుకతోనే నింపాలి. మాలు మీద వేస్తే కింద కాంక్రీటు ఉండాలి. ఇసుక పద్ధతిలో వాన నీళ్లు కొంత భూమిలోకి ఇంకుతాయి కూడా. 2020 అక్టోబర్ వరదలు చూసిన పాతబస్తీ మహల్లాల్లో నడక దారులకు ఈ పద్ధతిని ముందు ఆలోచించడం తప్పు కాదు.

పాత కట్టడం దగ్గర వేరే నియమం

చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ఏ పనికైనా అనుమతి కావాలి. ఇది కేవలం కాగితాల సంగతి కాదు. సున్నపు కట్టడానికి ఆనించి గట్టి సిమెంటు మాలు వేస్తే నేలలోని తేమకు పైకి ఆరే దారి మూసుకుపోతుంది. అది గోడలోకి ఎక్కి, లవణాలతో పాటు గచ్చును ఊడగొడుతుంది. 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి గచ్చు ముక్క ఊడిపడినప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. పాత మస్జిద్, పాత దేవిడీ గోడల వెంట కనీసం కొన్ని అడుగుల మేర సున్నం, సుర్కీ మాలు వాడటమే క్షేమం. సున్నంలో ఫ్లై యాష్ కలిపినా గట్టిపడుతుంది. కానీ దాని ముదురు రంగు, అందులోని లవణాల వల్ల పాత గచ్చు పక్కన సుర్కీయే నమ్మకమైనది.

పొడి పీల్చేది ఎవరు?

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించని మనిషి ఒకడున్నాడు. బూడిద సంచి విప్పి, పారతో తిరగేసే కూలీ. పాలమూరు నుంచి వచ్చిన వలస కూలీ కావచ్చు, పాతబస్తీ మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కావచ్చు. ఫ్లై యాష్ ఎంత సన్నదంటే గాలిలో తేలి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. అందులో సిలికా ఉంది. రుమాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్క్ కావాలి. సంచి విప్పగానే నీళ్లు చల్లాలి, గాలి వాటం చూసుకుని కలపాలి, పిల్లలను దూరం పంపాలి. ఒక మాస్క్ ఖర్చు టీ, సమోసా ఖర్చు కంటే పెద్దది కాదు.

థర్మల్ కేంద్రాల పక్క గ్రామాల వారు బూడిద దుమ్ముపై ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. బూడిద సరిగ్గా మాలులో, ఇటుకలో బంధించబడితే వారికి అది నిజమైన ఊరట. సరిగ్గా వాడకపోతే వాళ్ల ఇళ్ల మీది దుమ్ము మన గల్లీలోకి మారడమే అవుతుంది.

కమిటీలు అడగాల్సింది ఏమిటి?

చందా డబ్బుతో సహన్ పరిచే సదర్ సాబ్ అయినా, పన్ను డబ్బుతో వీధి పరిచే కార్పొరేటర్ అయినా పని మొదలు కాకముందే అయిదు ప్రశ్నలు అడగాలి. సిమెంటు ఓపీసీనా, పీపీసీనా? బూడిద విడిగా కలుపుతుంటే దాని టెస్ట్ రిపోర్ట్ ఎక్కడ? బూడిద శాతం ఎంత, తూకం వేసి కలుపుతారా, పారలతో లెక్కపెడతారా? తడపడానికి ఎవరు, ఎన్ని రోజులు బాధ్యత? బండ్లు ఎప్పుడు వదులుతారు?

ఈ జవాబులు రాతపూర్వకంగా ఉంటే బూడిద మేలు చేస్తుంది. లేకపోతే అదే బూడిద నాసిరకం పనికి ముసుగు అవుతుంది. సుర్కీ మాలు మీద నాలుగు వందల ఏళ్లకు పైగా నిలిచిన కట్టడాల నీడలో నడిచే జనం, నాలుగేళ్లయినా కదలని రాయిని అడగడం పెద్ద కోరికేమీ కాదు.